చూడకుండా ఆడినవాడు

పోయినవారం మనం కువైట్ శివార్లలోని అర్దియాలో, అల్యూమినియం తలుపులు చేసే షెడ్డులో నలుగురు మగవాళ్ళనూ, ఒక ఆడమనిషినీ, అడుగంటిన శనగల సంచినీ వదిలిపెట్టి వచ్చాం. ఈ ఏడు రోజుల్లో వాళ్ళ కష్టం గింజంత కూడా తగ్గలేదు. తొంభయ్యో సంవత్సరం, ఆగస్టు నెలాఖరు. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి నాలుగో వారం నడుస్తోంది. షెడ్డు యజమాని అయిన కఫీల్ రెండో రోజే పెళ్ళాం బిడ్డల్ని కార్లలో వేసుకుని సౌదీ దారి పట్టాడు. వీళ్ళ పాస్‌పోర్టులు ఎక్కడ పెట్టాడో చెప్పలేదు. ఎంబసీ వాళ్ళు ముద్ర కొట్టి ఇచ్చిన కాగితాలు మాత్రం చొక్కా జేబుల్లో చెమటకు మెత్తబడుతున్నాయి.

ఇవాళే కొత్తగా చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం మనుషుల్ని ఇంకోసారి చెబుతాను. గంగులయ్య కడప జిల్లావాడు, ఏభై దాటినవాడు, షెడ్డుకు వంటవాడు. అతని భార్య సిద్ధమ్మ సాల్మియాలో ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటివాళ్ళు తాళం వేసి పారిపోతే, బట్టల మూటతో రెండు రోజులు దాక్కుంటూ నడిచి మొగుణ్ణి చేరుకుంది. ముత్తన్నది జగిత్యాల దగ్గర పల్లె, తలుపులు మోసి బిగించే పని, నలభై ఏళ్ళుంటాయి. భూమేశ్ నిజామాబాద్ వైపు వెల్డరు, శివకుమార్ రాయచోటి దగ్గరి కుర్రవాడు. అంతే, షెడ్డంతా కలిపి ఐదుగురు.

రేపు తెల్లారేసరికి డ్రైవరు ఖలందర్ వ్యాను వేసుకుని వస్తాడు. బాగ్దాదు మీదుగా జోర్డాను సరిహద్దు దాకా తీసుకుపోతాడు. ఈ షెడ్డుకు నాలుగు సీట్లే ఇస్తానన్నాడు. సిద్ధమ్మకు ఒకటని ఎవరూ అడక్కుండానే అందరూ ఒప్పుకున్నారు. మిగిలినవి మూడు, మగవాళ్ళు నలుగురు. ఒకడు ఆగిపోవాలి.

ఇక్కడ ఖలందర్ ఒక షరతు పెట్టాడు. తనంతట తాను ఆగిపోతానని ఎవడైనా ముందుకొస్తే బండి తీయనన్నాడు. పోయిన ట్రిప్పులో అలాగే ఒకడు ఉదారంగా సీటు వదులుకున్నాడు, తీరా చూస్తే వాడే చెక్‌పోస్టులో కబురిచ్చి బండిని పట్టించాడు. ఇష్టపడి ఉండేవాణ్ణి నమ్మేది లేదు, ఏడుస్తూ ఉండేవాడు కావాలి నాకు అన్నాడు ఖలందర్. ఇంత కష్టంలో కూడా మంచితనానికి చోటు లేకుండా పోయింది.

ఎవరు ఆగాలన్నది పేకముక్కలతో తేల్చుకోవాలని పోయినవారం అనుకున్నారు. ఆ షెడ్డులో అది కొత్తేమీ కాదు. గిన్నెలు ఎవరు తోమాలి, ఎండలో నీళ్ళ క్యాను ఎవరు మోయాలి, శుక్రవారం మొదటి స్నానం ఎవరిది, పదకొండేళ్ళుగా అన్నీ మూడు ముక్కలాటే తేల్చింది. పందెం ఎప్పుడూ శనగలే. ఆట కాగానే శనగలు తిరిగి కుండలోకి పోతాయి, రాత్రికి కూరవుతాయి.

పొద్దున ఏడింటికి తలా పది గింజలు పంచుకుని కూర్చున్నారు. పంపకానికి ముందు అందరూ ఒక్కో గింజ మధ్యలో పెట్టాలి. ముక్కలు చూడకుండా ఆడేవాడు ఒక గింజ పెడితే, చూసి ఆడేవాడు రెండు పెట్టాలి. అంతకు మించి ఎవరూ పెంచడానికి లేదు. చేతిలో గింజలన్నీ మధ్యలోకి పోతే ముక్కలు తిప్పేయాలి. ఎవడి గింజలు ముందు నిండుకుంటే వాడు ఆగిపోవాలి.

గంగులయ్య ఆట గురించి ఇక్కడ కొంచెం చెప్పుకోవాలి. చుట్టుపక్కల షెడ్లలో అతనికి పారేసే గంగులయ్య అని పేరు. పది పంపకాల్లో తొమ్మిదింటిలో ముక్కలు కిందపెట్టేస్తాడు. పదోసారి ఆడాడంటే చేతిలో పెద్ద జతో, వరసో ఉన్నట్టే. కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు ఖాళీ చేతులతో మీసం తిప్పుతూ పందెం కాస్తుంటే అతనికి జాలేసేది. చిన్న పందెంలో బెదిరింపు పారదని శివకుమార్‌కు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పొలం పోతుందంటే మనిషి భయపడి ముక్కలు పడేస్తాడు గానీ, ఒక్క శనగగింజ పోతుందంటే ఎవడు భయపడతాడు? నీ చేతిలో ఏముందో చూసి పోదామని వాడూ ఒక గింజ పడేస్తాడు. అందుకని మంచి ముక్కలు వచ్చేదాకా ఆగు, వచ్చినప్పుడు మాత్రం మొహమాటపడకు. నీ వంతు అందరి తర్వాత వచ్చేలా కూర్చో, అవతలివాళ్ళ వేళ్ళు చూడు. చూడకుండా ఆడేవాడితో మాత్రం ఊరికే తగవు పెట్టుకోకు, వాడి చేతిలో ఏముందో వాడికే తెలియదు కాబట్టి మొహం చూసి కనిపెట్టేదేమీ ఉండదు. ఇదీ గంగులయ్య శాస్త్రం.

చూడకుండా ఆడేవాడు ముత్తన్న. పదకొండేళ్ళలో ముక్కలెత్తి చూసుకున్న పాపాన పోలేదు. నుదుటి మీద రాసింది చూసుకుంటున్నామా, ఇదీ అంతే అనేవాడు. ఓడితే నవ్వుతూ గిన్నెలు తోమేవాడు.

ఆ పూట శాస్త్రం గంగులయ్యను ఆదుకోలేదు. ముక్కలు రాలేదు. రెండు, ఏడు, పది. మూడు, తొమ్మిది, జాకీ. పడేయడం, పడేయడం, మళ్ళీ పడేయడం. పడేసినందుకు నష్టం లేదని ఇన్నేళ్ళూ అనుకున్నాడు గానీ, కూర్చున్నందుకు ప్రతిసారీ ఒక గింజ పోతూనే ఉంది. గిన్నెలు తోమే పందెంలో అది కనిపించలేదు. పది గింజల పందెంలో కనిపించింది. పన్నెండు కావచ్చేసరికి ఒక్క ఆట గెలిచి, మిగతావన్నీ వదిలి, నాలుగు గింజలతో మిగిలాడు. మంచి ముక్కల కోసం కాచుకోవడంలోనే కువైట్‌లో తన పదకొండేళ్ళూ పోయాయని అతనికి అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే విసుగేసింది.

భూమేశ్ ముందు ఇరవై దాకా ఉన్నాయి, శివకుమార్ దగ్గర పన్నెండో పదమూడో. వింతంతా ముత్తన్నది. పొద్దున మొదటి గంటలో చూడకుండానే వరసగా గెలిచి పదహారు గింజలు పోగేశాడు. భూమేశ్ అతని వీపు చరిచి, రేపు ముందు సీటు నీదే కాకా అన్నాడు. ముత్తన్న నవ్వలేదు. అప్పటినుంచి ముక్కలు చూడడం మొదలుపెట్టాడు. బొటనవేలితో అంచు కొంచెం ఎత్తడం, చూడడం, పడేయడం. పదహారు గింజలు కరిగిపోయి నాలుగయ్యాయి.

పన్నెండు కొట్టేవేళ పడేసిన ముక్కలు పోగుచేసే పని గంగులయ్యకు వచ్చింది. పారేసిన ముక్కలు తిప్పి చూడకూడదన్నది షెడ్డులో గట్టి కట్టుబాటు. గంగులయ్య దాన్ని పదకొండేళ్ళలో మొదటిసారి తప్పాడు. ముత్తన్న అప్పుడే పడేసిన మూడు ముక్కల్ని దగ్గరికి లాగుతూ అరచేతి చాటున చూశాడు. ఇస్పేటు రాజు, ఆఠీను రాజు, ఒక తొమ్మిది.

ఎసరు పొంగుతోందని చెప్పి గంగులయ్య లేచాడు. నీళ్ళ క్యాను ఎత్తడానికి రమ్మని ముత్తన్నను వెంట తీసుకుని వంటకొట్టులోకి పోయాడు. కొట్టుకూ షెడ్డుకూ మధ్య ఒక దుప్పటే తెర. మూలన సిద్ధమ్మ బియ్యంలో పురుగులు ఏరుతోంది. తలెత్తి చూసి మళ్ళీ చేటలోకి వంగింది.

“రాజుల జత యాడన్నా పారేస్తారా ముత్తన్నా?” అన్నాడు గంగులయ్య, గొంతు తగ్గించి.

ముత్తన్న విననట్టు క్యాను ఎత్తబోయాడు.

గంగులయ్యకు చెప్పాల్సింది చాలా ఉంది. పోయినవారం సంచిలో శనగలు తగ్గుతున్నాయని కనిపెట్టి, శివకుమార్ మీద అనుమానపడి, ఎవరితోనూ అనకుండా మింగాడు. రోజూ రెండు గుప్పెళ్ళు, ఒక ఖుబూస్ రొట్టె, గ్లాసెడు పాలపొడి. అటక మీద ముత్తన్న ఒక్కడే పడుకుంటాడు. పగలంతా అక్కడ ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కరెంటు దండగని ఎన్నిసార్లు తిట్టినా ఆపడు. ఇవన్నీ విడివిడిగా చూశాడు గానీ, రాజుల జత చూసేదాకా ఒకచోటికి చేర్చి చూడలేదు. చేతి ముక్కలు కనిపెట్టడంలో మొనగాణ్ణని ఇంతకాలం మురిసినందుకు సిగ్గేసింది.

“ఎవురిని పెట్టుకోనుండావు పైన?” అని అడిగాడు.

“అన్నా, గంత గట్టిగ అనకు,” అన్నాడు ముత్తన్న. “మజీదా మామా ఉన్నది.”

ఆ పేరు వినగానే గంగులయ్య పొయ్యి దగ్గరి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మజీదా కఫీల్ తల్లి. ఇంటి యజమానురాలిని పనివాళ్ళు మామా అనే పిలుస్తారక్కడ. డెబ్బై ఏళ్ళ ముసలామె, మోకాళ్ళు పనిచేయవు. రెండు రోజుల్లో అంతా సర్దుకుంటుంది, నా ఇల్లు వదిలి రానని ఆమె మొండికేస్తే కొడుకు వదిలేసి పోయాడట. తర్వాత ఆ వీధిలోకి సైనికులు వచ్చి ఇళ్ళు ఆక్రమించడం మొదలైంది. ముత్తన్న శుక్రవారాలు ఆ ఇంట్లో మొక్కలకు నీళ్ళు పోసేవాడు. ఒక తెల్లవారుజామున తలుపులు మోసే తోపుడుబండిలో ఆమెను పడుకోబెట్టి, మీద అట్టపెట్టెలు కప్పి, రెండు చెక్‌పోస్టులు దాటించి తెచ్చి అటక మీద దాచాడు. అప్పటికి పదిహేడు రోజులు. ఇదంతా ముత్తన్న ముక్కలు ముక్కలుగా చెప్పాడు, మధ్యమధ్య దుప్పటి తెర వైపు చూస్తూ. కువైటీని దాచినట్టు తేలితే ఆ ఇంట్లో మగవాళ్ళను నిలబెట్టి కాలుస్తున్నారన్న కబురు ఊరంతా ఉంది. భూమేశ్‌కు తెలిస్తే ఇప్పుడే బజారున పడి పరుగెత్తుతాడు. ఖలందర్‌కు తెలిస్తే బండి ఈ వీధికే రాదు.

“నేను పోతే ఆమె సచ్చిపోతది అన్నా. ఉంటనంటే ఖలందర్ బండి తియ్యడు. ఓడుదామని చూసిన. చూడకుండ ఆడితె గెలుస్తున్న, ఏం జేద్దు చెప్పు?”

ఇంకోరోజైతే గంగులయ్యకు నవ్వు వచ్చేది. ఓడిపోవడానికి ముక్కలు చూడాల్సి వచ్చిన మనిషిని అతను ఎన్నడూ చూడలేదు. కానీ అప్పుడు నవ్వు రాలేదు. ఆరేళ్ళ కిందటి అవమానం గుర్తొచ్చింది.

ఆరేళ్ళ కిందట గంగులయ్య ఆ ఇంట్లోనే వంటవాడు, సెలవు దొరికినప్పుడల్లా పేకాటకు మాత్రం షెడ్డుకు వచ్చేవాడు. మజీదాది ఒక బంగారు గాజు కనిపించలేదు. ఆమె ఇంటిల్లిపాదినీ పిలిచి, వాకిట్లో, పక్కింటి డ్రైవర్లు కూడా చూస్తుండగా గంగులయ్య ట్రంకుపెట్టె బోర్లించమంది. లుంగీలు, ఉత్తరాలు, సిద్ధమ్మ ఫొటో, ఊరినుంచి తెచ్చుకున్న కారంపొడి సీసా, అన్నీ గచ్చు మీద పడ్డాయి. సీసా పగిలింది. గాజు దొరకలేదు. ఆ సాయంత్రమే అతన్ని షెడ్డు వంటకు తోలేశారు. నెల తర్వాత గాజు బట్టలుతికే మిషన్లో దొరికిందని ముత్తన్నే వచ్చి చెప్పాడు. ఆ ఇంటినుంచి మాత్రం ఒక్క మాట రాలేదు.

“ఆయమ్మ కోసరమా నా శనగలు దొంగిలిచ్చినావు?” అన్నాడు గంగులయ్య. “నా పెట్టె నడివాకిట్లో దులిపిచ్చిన ఆయమ్మ కోసరమా?”

ముత్తన్న అవునని తలూపాడు. నాకొక మాట ఎందుకు చెప్పలేదని అడిగితే మాత్రం నేల చూశాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. గంగులయ్య దాన్ని భయం అనుకున్నాడు.

సిద్ధమ్మ చేట కింద పెట్టింది. మొగుడి మొహం చూస్తూ కూర్చుంది. ఆ చూపు పడలేక గంగులయ్య లేచి పొయ్యి మంట తగ్గించాడు. అతనికి ఒక్కసారిగా చెప్పలేనంత అలసట వచ్చింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక కావాలి. ఆ ఓపిక ఈ నాలుగు వారాల్లో, నీళ్ళ క్యూల్లో, రొట్టెల క్యూల్లో ఖర్చయిపోయింది. ముసలామె చావాలని తనకు లేదు. బతకాలని కూడా పెద్దగా లేదు. భార్యతో కలిసి ఆ బండెక్కి, సరిహద్దు దాటి, ఎక్కడో ఒకచోట చెట్టునీడన పడుకుని నిద్రపోవాలని ఉంది. ముత్తన్న ఉండదలుచుకుంటే ఉండనీ. అందరికీ కావలసింది అదే కదా.

ఆలోచిస్తే చిక్కేమీ లేదనిపించింది. ముత్తన్న ఓడాలి, అంతే. కాకపోతే ముత్తన్న చేస్తున్న పని పసిపిల్లవాడికి కూడా అనుమానం తెప్పించేలా ఉంది.

“నువ్వు ఇంగ ముక్కలు సూడొద్దు,” అన్నాడు గంగులయ్య. “పదకొండేండ్లుగా సూడనోడివి ఈ పొద్దు సూస్తాండావని శివకుమార్ అప్పుడే గొణుగుతాండాడు. ఎప్పుడూ ఆడినట్టే ఆడు. పడేయొద్దు, సూడొద్దు. నాకు మంచి ముక్కలొచ్చినప్పుడు నేను సూసుకుంటా.”

సరే అన్నాడు ముత్తన్న. ఆ క్షణాన షెడ్డు మొత్తంలో తేలికపడ్డ మనిషి అతనొక్కడే.

మళ్ళీ కూర్చున్నారు. ముత్తన్న పంచిన ఆటలో భూమేశ్ గెలిచాడు. అందులో ముత్తన్నకు పెట్టుబడి గింజ ఒకటి, చూడకుండా పెట్టింది ఒకటి పోయి రెండు మిగిలాయి. చూసీచూడగానే పడేసిన గంగులయ్యకు మూడు. తర్వాతి పంపకం గంగులయ్యది. అంటే అందరూ ఆడాక చివరి మాట అతనిది. అతను కోరుకునే చోటే అది.

తలా ఒక గింజ మధ్యలో పెట్టారు. ముత్తన్న ముందు ఒకటి, గంగులయ్య ముందు రెండు మిగిలాయి. గంగులయ్య పంచాడు. శివకుమార్ చూసి, పెదవి విరిచి పడేశాడు. భూమేశ్ చూసి, పడేసి, ఆవలించాడు. ముత్తన్న ముక్కల్ని ముట్టుకోలేదు. చివరి గింజను వేలితో మధ్యలోకి నెట్టాడు.

గంగులయ్య తన ముక్కలు ఒక్కొక్కటే ఎత్తాడు. కళావరు ఆసు. డైమన్ నాలుగు. ఆఠీను ఆసు.

ఆసుల జత. పొద్దున ఏడింటినుంచి, ఆ మాటకొస్తే అంతకు ముందునుంచి అతను కాచుకుని ఉన్నది దీనికోసమే. ఎదుట ఉన్నది ఒక్కడు, వాడూ చూడకుండా ఆడుతున్నవాడు. నూరుమంది ఆటగాళ్ళను అడిగినా నూరుమందీ ఆడమనే చెబుతారు. నేనూ అదే చెబుతాను. గంగులయ్య రెండు గింజలూ మధ్యలో పెట్టాడు.

ఇద్దరి చేతుల్లోనూ గింజల్లేవు. ముక్కలు తిప్పాలి. గంగులయ్య ఆసులు తిప్పి పెట్టగానే శివకుమార్ చిన్నగా ఈల వేశాడు. ముత్తన్న ఊపిరి వదిలాడు. అతని మొహంలో సంతోషం దాచుకోవడం చేతకావడం లేదు. ఒక ముక్క తిప్పాడు. ఐదు. ఇంకోటి తిప్పాడు. నాలుగు. మూడోదాని మీద చెయ్యి పెట్టి ఆగాడు. భూమేశ్ వంగి ఆ ముక్కను తనే తిప్పేశాడు.

ఆరు.

నాలుగు, ఐదు, ఆరు. వరస ముందు జత నిలవదు, అది ఆసులదైనా సరే.

భూమేశ్ నవ్వబోయి, సిద్ధమ్మ తెర దగ్గర నిలబడి ఉండడం చూసి ఊరుకున్నాడు. ముత్తన్న మధ్యలోని ఏడు గింజలూ గంగులయ్య వైపు తోశాడు. అది గెలిచినవాడు చేసే పని కాదు. శివకుమార్ గింజల్ని వెనక్కి జరిపి, ఆట ఆటే కాకా అన్నాడు. గంగులయ్యతో మాత్రం కళ్ళు కలపలేకపోయాడు. ఖలందర్‌కు ఆగిపోయేవాడి పేరు చెప్పిరావాలని అతనూ భూమేశూ చెప్పులేసుకుని వెంటనే బయటపడ్డారు. ఆ షెడ్డులో ఒక్క నిమిషం కూడా ఉండలేక పోయారని నా అనుమానం.

తప్పెక్కడ చేశానా అని గంగులయ్య వెతుక్కున్నాడు. ఆటలో లేదు. ఆటలో ప్రతి మెట్టూ సరిగ్గానే వేశాడు. సరిగ్గా ఆడి ఓడిపోవడం కూడా ఉంటుందని తన శాస్త్రంలో లేదు. ముత్తన్నను చూడొద్దన్నది తనే. ముక్కలు పంచింది తనే. ఎవరినీ తిట్టడానికి లేకుండా చేసుకున్నాడు.

“అన్నా, నేను ఖలందర్ కాళ్ళు మొక్కుత,” అన్నాడు ముత్తన్న ఏడుపు గొంతుతో. గంగులయ్య వద్దని చెయ్యి ఊపాడు. ఏం చెప్పి మొక్కుతాడు? ఒక్క మాట బయటపడితే సిద్ధమ్మ సీటు కూడా పోతుంది.

సిద్ధమ్మ లోపల గంజి వార్చి, శనగలు నలిపి కలిపి, బొచ్చె తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది.

“ఆసులు పెట్టుకోని ఓడిపోతివే,” అంది. తర్వాత కొంచెం ఆగి, “పో, పెట్టిరా. రేపట్నుంచి పెట్టాల్సింది నువ్వే గదా. ఆయమ్మ పస్తుంటాదంటే నాకు బండెక్కబుద్ధి కాదు,” అంది.

అప్పటికి పొద్దు వాలి అసర్ నమాజు వేళయింది. రోజూ ఆ వేళకు చెక్‌పోస్టులో ఉండే ఒక ముసలి ఇరాకీ సిపాయి షెడ్డుకు వస్తాడు. బూట్లకు లేసులు కూడా లేని మనిషి. చల్లటి నీళ్ళు తాగి, సిద్ధమ్మ కాచిన టీ తాగి, మోకాళ్ళు పట్టుకుని కాసేపు కూర్చుని పోతాడు. రెండుసార్లు సిగరెట్లు పందెం కాసి మూడు ముక్కలాట కూడా ఆడాడు. ఆటలో అతనికి ఒకటే గుణం, ముక్కలు పడేయడం తెలియదు. చేతిలో ఏమీ లేకపోయినా అవతలివాడి ముక్కలు చూడనిదే వదలడు. చూడడానికి ఎన్ని సిగరెట్లయినా పోగొట్టుకుంటాడు. ఇట్లాంటివాడి ముందు ఖాళీ చేత్తో బెదిరించబోయేవాడంత వెర్రివాడు ఉండడని గంగులయ్య ఆ రోజే శివకుమార్‌కు చెప్పాడు.

గంగులయ్య బొచ్చె పట్టుకుని ఇనుప నిచ్చెన ఎక్కాడు. అటక మీద వేడి మొహానికి కొట్టింది. అట్టపెట్టెల గోడ వెనక ఫ్యాను చప్పుడు. పెట్టెలు జరిపి వంగి చూస్తే, కిటికీ సందులోంచి పడే వెలుతురులో ముత్తన్న దుప్పటి మీద ఒక చిన్న ఆకారం గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆ ఇంటి వాకిట్లో కుర్చీలో కూర్చుని వేలు చూపించిన మజీదా చాలా పెద్ద మనిషిగా గుర్తుంది అతనికి. ఇంత కొంచెం మనిషా అనుకున్నాడు.

అడుగుల చప్పుడుకు ఆమె ఇటు తిరగలేదు. ఆ ఇంటి వంటింట్లో అతను వినీ వినీ అలవాటుపడ్డ అరబ్బీలో మెల్లగా అడిగింది.

“ముత్తన్నా, ఆ వంటవాడు వెళ్ళిపోయాడా? నీకు మొదటి రోజే చెప్పాను, వాడికి మాత్రం తెలియనివ్వకు. వాడు నన్ను ఈ సైనికులకు పట్టిస్తాడు. పట్టించినా నేను తప్పుపట్టను.”

గంగులయ్య బొచ్చెతో అలాగే నిలబడిపోయాడు. వంటకొట్లో ముత్తన్న చెప్పబోయి మింగేసిన మాట ఇదే. ఆరేళ్ళుగా ఆమె నోటినుంచి వినాలని అతను ఎదురుచూసిన మాట కూడా ఇంచుమించు ఇదే. ఇన్నాళ్ళకు వచ్చింది గానీ, చెవిలో పడ్డాక దానితో ఏం చేసుకోవాలో తెలియలేదు. మామా అని పిలవబోయి, తన గొంతు వింటే హడలిపోతుందని ఆగాడు. అతను పలకకపోవడంతో ఆమెకు భయమేసి, ఈసారి కొంచెం గట్టిగా, “ముత్తన్నా, నువ్వేనా?” అంది.

కింద షట్టరు చప్పుడైంది ఎప్పుడో, ఫ్యాను హోరులో వినపడలేదు.

“మినూ ఫోగ్?”

పైన ఎవరని అడుగుతున్నాడు సిపాయి. గంగులయ్య అట్టపెట్టెల పక్కనుంచి తొంగిచూశాడు. నిచ్చెన మొదట్లో సిపాయి తలెత్తి నిలబడి ఉన్నాడు, చేతిలో నీళ్ళ గ్లాసు. అతని పక్కనే టీ పళ్ళెంతో సిద్ధమ్మ. ఆమె వెనక ముత్తన్న. సిపాయి విన్నది ఆడగొంతు. షెడ్డులో ఉన్న ఒక్క ఆడమనిషి అతని ఎదుటే ఉంది. ముత్తన్నా అని ఆ గొంతు పిలిచిన మనిషి కూడా అక్కడే ఉన్నాడు.

వెనక దుప్పటి మీద మజీదా ఇప్పుడు ఇటు తిరిగింది. ఎవరు వచ్చారో చూసింది. ఆమె కళ్ళలోని భయం గంగులయ్యను చూసి పుట్టింది, కింద ఉన్న సిపాయి వల్ల కాదు.

పట్టించడానికి అతను ఏమీ చేయనక్కర్లేదు. పక్కకు జరిగితే చాలు. రేపు బండిలో సీటు దొరికినా దొరుకుతుంది, ఎవరు చెప్పగలరు?

గంగులయ్య నిచ్చెన అంచుకు వచ్చి, బొచ్చె రెండు చేతులతో పట్టుకుని, సిపాయికి కనిపించేలా కూర్చున్నాడు. పదకొండేళ్ళలో ఖాళీ చేత్తో ఒక్క పందెం కాయని మనిషి నోరు తెరిచి అరబ్బీలో ఒకే మాట అన్నాడు.

“ఉమ్మీ.”

మా అమ్మ, అని.

సిపాయి అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత నీళ్ళ గ్లాసును సిద్ధమ్మ పళ్ళెంలో పెట్టి, లేసుల్లేని బూటు కాలు నిచ్చెన మొదటి మెట్టు మీద వేశాడు.